డబ్బాలో పెడితే అరుదైపోదు

బస్తర్‌లోని మా తోంగ్‌పాల్ సంత మీద, ఆ సంతకొచ్చే ఆడవాళ్ళ మెడల్లోని రూపాయి మాలల మీద ఈమధ్య ఒక వ్యాసం వచ్చింది. చదివి పక్కన పెట్టాను. రెండు వారాలు తిరక్కముందే ఆ వ్యాసం జిరాక్సు కాగితం పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు మా కొట్టు ముందుకొచ్చారు. చింతపండు తూకం వేయించుకుంటున్న ధుర్వా తెగకు చెందిన ఒక ముసలామె మెడ దగ్గరికి వంగి, ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా, మాలలోని రూపాయలను ఒక్కొక్కటే తిప్పి లెన్సు పెట్టి చూశారు. ఆమె బిత్తరపోయి మాల గుప్పిట పట్టుకుంది. అది కళ్ళారా చూశాక ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే ఈ ఖండన.

వ్యాసంలో ఉన్నదేమిటంటే: బస్తర్ ఆడవాళ్ళు మెడలో వేసుకునే కల్దార్లలో, అంటే ఇంగ్లీషు కాలం నాటి రూపాయల్లో, 'అచ్చు తేడా' ఉన్న అరుదైన నాణేలు దాగి ఉన్నాయట. వాటిని అమెరికాలోని గ్రేడింగ్ కంపెనీకి పంపితే వాళ్ళు మైక్రోస్కోపుతో తేడా కనిపెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, అరుదైనదని సర్టిఫికెట్ ఇస్తారట. డబ్బాకెక్కిన నాణెం లక్షలు పలుకుతుందట. కాబట్టి చదువుకున్న కుర్రాళ్ళు సంతలు తిరిగి మాలలు కొనాలి, లేకపోతే అవి కొలిమిలో కరిగిపోతాయి అని ముగింపు. ఇందులో కొలిమిలో కరిగిపోతున్నాయన్న మాట ఒక్కటే నిజం. మిగిలినది చాలావరకు తప్పు. ఆ తప్పుకు నష్టపోయేది వ్యాసం చదవలేని మనిషి.

నేను చదువుకున్న పండితుణ్ణి కాను. మా తాత భద్రాచలం వైపు నుంచి చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారం మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. ఆ కొట్టులోనే నాకు కల్దార్ల పిచ్చి పట్టింది. కల్ అంటే యంత్రం, కల్దారు అంటే యంత్రం మీద కొట్టిన రూపాయి. నిజాం రాజ్యంలో మన వాళ్ళు అక్కడి హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషు వాళ్ళ కల్దారు వేరు అని లెక్క పెట్టుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళ రూపాయిని బస్తర్‌లో నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ముందు అచ్చు సంగతి. టంకశాలలో బొమ్మను మూల అచ్చుగా చెక్కుతారు. దాని నుంచి ఒక ఉబ్బెత్తు ముద్ర తీస్తారు. ఆ ముద్రను ఉక్కు ముక్కల మీద నొక్కి పని అచ్చులు చేస్తారు. ప్రెస్సులో బిళ్ళ మీద దెబ్బ వేసేవి ఈ పని అచ్చులే. ఒకటి అరిగిపోతే ఇంకొకటి ఎక్కిస్తారు. అచ్చులు అలా మారుతూ ఉంటాయి గనక ఒకే ఏడాది, ఒకే విలువ వేసుకున్న నాణేల్లో కూడా చిన్న చిన్న తేడాలు వస్తాయి. ఒకదాంట్లో అంకె కాస్త పక్కకు ఒరుగుతుంది, ఇంకొకదాంట్లో ఆకుల దండకున్న పండ్ల లెక్క మారుతుంది. తేడా అచ్చుకే ఉంది కాబట్టి ఆ అచ్చు కొట్టిన ప్రతి బిళ్ళ మీదా అదే తేడా ఉంటుంది. అచ్చు తేడా అంటే ఇంతే. బిళ్ళ సరిగా కూర్చోక బొమ్మ సగమే పడటం, ఒకే బిళ్ళకు రెండు దెబ్బలు తగలటం అచ్చు తేడాలు కావు. అవి ఆ ఒక్క బిళ్ళకు జరిగిన పొరపాట్లు. వాటిని పోగుచేసేవాళ్ళూ ఉన్నారు గానీ ఆ లెక్క వేరు.

వ్యాసకర్త తన వ్యాసంలో ఒక రెండు రూపాయల నాణెం ఫొటో వేసి, అక్షరాలు జంటగా పడ్డాయి గనక అరుదైన అచ్చు అని రాశారు. ఆ ఫొటోను నేను పెద్దది చేసి చూశాను. అక్షరం అంచున చదునుగా, పల్చగా, మెట్టులాగా ఒక నీడ ఉంది. అక్షరం తన మామూలు లావుకన్నా సన్నబడింది. ఇది అచ్చులో ఉన్న జంట కాదు. ప్రెస్సులో అచ్చు వదులై, దెబ్బ వేసి పైకి లేచేటప్పుడు కాస్త జరిగి, అప్పుడే పడిన అక్షరాన్ని పక్కకు గీసుకుపోతే వచ్చే గుర్తు. అసలైన జంట అచ్చు ఎలా ఉంటుందో చూడాలంటే 1955 నాటి అమెరికా ఒక సెంటు నాణెం చూడాలి. అచ్చు తయారయ్యేటప్పుడు ముద్ర రెండుసార్లు, రెండోసారి కాస్త తిరిగి పడింది. తేదీ, అక్షరాలు మామూలు కంటికే రెండేసి కనిపిస్తాయి. అక్కడ అక్షరం సన్నబడదు, లావెక్కుతుంది. కొసలు రెండుగా చీలతాయి. చీలిన రెండో గీత కూడా గుండ్రంగా, నిండుగా పైకి లేచి ఉంటుంది. గీసుకుపోయిన మెట్టుకూ నిండుగా లేచిన గీతకూ తేడా పదింతల లెన్సులో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. గ్రేడింగ్ కంపెనీలు మొదటి రకాన్ని అచ్చు తేడాగా చీటీ మీద రాయవు. వ్యాసకర్త ఆ నాణెం పంపి ఉంటే రుసుము పోగొట్టుకుని మామూలు చీటీతో తిరిగి తెచ్చుకునేవారు.

ఇక ఆ కంపెనీలు ఏం చేస్తాయన్నది. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. నాణెం అసలుదా నకిలీదా తేల్చడం, ఎంత అరిగిందో 1 నుంచి 70 వరకు అంకె వేయడం, సీలు డబ్బాలో పెట్టి నంబరు ఇవ్వడం వాళ్ళ పని. ఆ 70 లెక్క కూడా కంపెనీలు కనిపెట్టినది కాదు. 1949లో విలియం షెల్డన్ అనే మానసిక శాస్త్రవేత్త అమెరికా పాత పెద్ద సెంట్ల మీద రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆయన ఆ సెంట్ల అచ్చులను కూర్చుని ఒక్కొక్కటీ పోల్చి వరస నంబర్లు వేశాడు. అమెరికా మోర్గాన్ డాలర్ల అచ్చులకు నంబర్లు వేసింది లెరాయ్ వాన్ అలెన్, జార్జ్ మాలిస్. మన రూపాయల సంగతి తీసుకుంటే ఫ్రెడ్ ప్రిడ్మోర్ ఆ పని ఒక తరం కింద చేశాడు. పాల్ స్టీవెన్స్, ర్యాండీ వీర్ కలిసి 1835 నుంచి 1947 దాకా కొట్టిన నాణేల మీద 2012లో మరో పెద్ద పుస్తకం తెచ్చారు. వీళ్ళంతా ముందు పోగుచేసినవాళ్ళు, ఆ తరువాత రాసినవాళ్ళు.

గ్రేడింగ్ కంపెనీలో కూర్చున్న మనిషి మీ నాణేన్ని ఇలాంటి పుస్తకంలోని బొమ్మతో పోలుస్తాడు. గుర్తు ఎక్కడ పడింది, అచ్చుకు పగులు ఎటు పోయింది, అంకె మీద అంకె పడిందా అని చూస్తాడు. సరిపోతే పుస్తకంలోని నంబరు చీటీ మీద వేస్తాడు. అది కూడా చాలావరకు మీరు అడిగితేనే, దానికి విడిగా రుసుము కడితేనే. అడక్కపోతే చీటీ మీద తేదీ, విలువ, గ్రేడు మాత్రమే ఉంటాయి. పుస్తకంలో లేని తేడా అయితే మీరు అడిగినా మామూలుగా రాయరు. తేడా కనిపెట్టడం వాళ్ళ వ్యాపారం కాదు. ఒకరు కనిపెట్టి, రాసి, పదిమంది ఒప్పుకున్న తేడాకు మీ నాణెం సరిపోయిందని చెప్పడం వాళ్ళ వ్యాపారం. ఆ చీటీ మీద ధర ఎక్కడా ఉండదు.

వాళ్ళ పని చిన్నదని నేననను. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి చాలా తక్కువగా దొరుకుతుంది. అందుకే దానికి నకిలీలు ఎక్కువ. అలాంటిది చేతికొస్తే నిపుణుడి చూపు కావాల్సిందే. నకిలీ డబ్బాలు కూడా తయారవుతున్నాయి గనక, డబ్బా మీది నంబరును కంపెనీ రికార్డులోని ఫొటోతో సరిచూసుకోకుండా కొనకూడదు. ఇదంతా ఒప్పుకుంటూనే చెబుతున్నాను: డబ్బా అసలుదనానికి సాక్షి. అరుదైనదనే మాటకు సాక్షి కాదు.

ఇప్పుడు వ్యాసకర్తకు బాగా నచ్చిన 1862 రూపాయి. "రాణి బొమ్మతో వచ్చిన మొదటి సంవత్సరపు రూపాయి, బస్తర్‌లో దాగిన నిధి" అన్నారు. మూడు తప్పులు ఇందులోనే ఉన్నాయి. రాణి బొమ్మ రూపాయి 1862లో మొదలు కాలేదు. 1840 తేదీతో ఈస్ట్ ఇండియా కంపెనీ రూపాయి మీద విక్టోరియా అప్పటికే ఉంది. అది రెండు రకాలు: రాణి పేరు తల మీదుగా ఒకే వరసగా సాగినది ఒకటి, తలకు రెండు పక్కలా విడిపోయినది ఒకటి. ఇక 1862 తేదీ కొత్త రూపాయి 1862లో కొట్టి ఆపలేదు. పదేళ్ళకు పైగా అదే తేదీతో కొడుతూ పోయారు. 1874 నుంచే ఏటేటా తేదీ మారడం మొదలైంది. అంటే విక్టోరియా రూపాయల్లో బాగా తేలిగ్గా దొరికే తేదీల్లో ఇదొకటి. మాలల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా అదే. ఎక్కడైనా ఎక్కువగా కనిపించేదాన్ని అరుదైనదనడం ఏమిటో నాకర్థం కాలేదు.

కానీ ఈ 1862లోనే అచ్చు తేడాల అసలు అందం ఉంది. వ్యాసకర్త దాన్ని చూడకుండా దాటిపోయారు. తేదీ మారకపోయినా, ఏ ఏడాది కొట్టారో తమకు తెలియాలని టంకశాల వాళ్ళు బొరుసు వైపు చిన్న చుక్కలు పెట్టారు. కొన్నిట్లో తేదీ కింద, కొన్నిట్లో పైన అక్షరాల మీద, కొన్నిట్లో రెండు చోట్లా ఉంటాయి. బొమ్మ వైపు రాణి గౌను ముందరి పూల పట్టీ కూడా రెండు రకాలు. పట్టీ రకం, చుక్కల లెక్క కలిపి చూస్తే ఒకే తేదీ రూపాయిలో పదుల కొద్దీ రకాలు. వాటిలో కొన్ని నిజంగానే అరుదు, చాలావరకు మామూలు. అరుదు ఏదో మామూలు ఏదో తెలిసేది చుక్కలు లెక్కపెట్టినవాడికి. చుక్క చెరిగిపోయేంతగా అరిగిన బిళ్ళను ఏ కంపెనీకి పంపినా చెప్పడానికేమీ మిగలదు. ముసలామె మాలలో నేను చూసిన 1862 రూపాయి మీద తేదీ చదవగలిగాను. చుక్కలు మాత్రం తరాల రాపిడికి నున్నగా పోయాయి.

1911 రూపాయి గురించి కూడా ఒక ముక్క. అయిదో జార్జి అంగీ మీది హారంలో ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించింది, గొడవైంది, 1912లో బొమ్మ మార్చారు. నిజమే. వ్యాసంలో మాత్రం "పంది ఉన్న 1911 రూపాయి దొరికితే వదలకండి" అని రాశారు. 1911 తేదీ ఉన్న రూపాయలన్నిటి మీదా ఉన్నది ఆ బొమ్మే. అది ఒక అచ్చు తేడా కాదు, ఆ ఏడాది నమూనాయే అంత.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. వ్యాసకర్త అది వదిలేసినందుకు నాకు బాధేసింది. చార్మినార్ బొమ్మతో వచ్చిన నిజాం రూపాయిలో నడిమి ద్వారం చూడండి. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆ ద్వారంలో 'మీమ్' అక్షరం ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక 'ఐన్' వచ్చింది. హిజ్రీ 1329 నాటి ఐన్ పొట్టిది, 1330లో అది నిండుగా సాగింది. కంటి చూపు బాగుంటే లెన్సు కూడా అక్కర్లేదు. వరంగల్, కరీంనగర్ ఇళ్ళలో పాత పెట్టెలు వెతికేవాళ్ళు ఈ ఒక్క అక్షరం చూసుకుంటే చాలు, ఏ కంపెనీని అడగనవసరం లేదు. ఇంగ్లీషు వాళ్ళ పావు అణా, అంటే కానీ, అంతకన్నా తేలిక. 1906లో అది రాగి నుంచి కంచుకు మారింది. రాగిది ఆరున్నర గ్రాముల దాకా తూగుతుంది, కంచుది అయిదు గ్రాములు కూడా తూగదు. ఒకే తేదీ మీద రెండూ ఉన్నాయి. వాటిని విడదీయడానికి మా కొట్టులోని కంసాలి త్రాసు సరిపోతుంది. మా తోంగ్‌పాల్ చుట్టుపక్కల నేలలో తగరం ఉంది. రాగిలో కాస్త తగరం కలిస్తేనే కంచు అవుతుందని ఇక్కడి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఆ రెండు కానీలే చేతిలో పెడతాను.

నక్షత్రం గుర్తు సంగతి మరీ విచారకరం. తేదీ కింద నక్షత్రం ఉంటే లక్షలని వ్యాసంలో ఒక వాక్యం. అది హైదరాబాద్ టంకశాల గుర్తు. సైఫాబాద్‌లో 1903లో మొదలై, 1997 నుంచి చర్లపల్లిలో నడుస్తున్న టంకశాల అది. అక్కడ కొట్టిన నాణేలు కోట్లల్లో ఉన్నాయి. వజ్రం గుర్తు బొంబాయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. ఈ నక్షత్రం మాట నమ్మి మా మేనల్లుడు ఫోనులో ఎవరో అడిగితే "రిజిస్ట్రేషన్" అని డబ్బు కట్టాడు. "మామయ్యా, రిజర్వ్ బ్యాంకు ముద్ర ఉంది కదా" అన్నాడు నాతో. ఆ ముద్రను దొంగగా వాడుతున్నారని, పాత నాణేల అమ్మకాలకు తాము ఏ రుసుమూ, కమీషనూ అడగమని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. వ్యాసం రాసేముందు ఆ ప్రకటన చదవాల్సింది.

"కంపెనీ లెక్కలో ఒక్కటే ఉంది, అంటే ప్రపంచంలో ఒక్కటే" అన్న వాక్యం కుర్రాళ్ళకు ఎక్కువగా పట్టింది. ఆ లెక్క, అంటే పాపులేషన్ రిపోర్టు, ఎన్ని నాణేలు ఉన్నాయో చెప్పదు. ఎన్ని తమ దగ్గరికి వచ్చాయో చెబుతుంది. అందులోనూ అచ్చు తేడా రాయమని డబ్బు కట్టినవే ఆ వరసలో పడతాయి. వంద మంది అదే నాణెం పంపి తేడా రాయమని అడక్కపోతే అవి మామూలు వరసలోకే పోతాయి. ఇక మంచి గ్రేడు కోసం డబ్బా పగలగొట్టి మళ్ళీ పంపితే, పాత చీటీ వెనక్కివ్వకపోతే, ఒకే బిళ్ళ రెండుగా లెక్కకెక్కుతుంది. భారతదేశపు రూపాయలు ఇళ్ళల్లో, గుళ్ళల్లో, మెడల్లో ఎన్ని ఉన్నాయో, వాటిలో అక్కడికి పోయేవి ఎన్నో ఊహించుకోండి. ఆ "ఒకటి"కి అర్థం, ఇప్పటిదాకా ఒక్కరు పంపి, అడిగి, కట్టారని.

అన్నిటికన్నా పెద్ద తప్పు మాలల గురించి. మన కాసుల పేరు లాంటిదే ఈ రూపాయి మాల. ప్రతి రూపాయి తల మీద వెండి కొక్కెం పెట్టి టంకం వేసి అతికిస్తారు, లేదా తొలిచి దారం పోస్తారు. టంకం తగిలిన చోట బొమ్మ అంచు కరిగి నల్లబడుతుంది. కొక్కెం తీసేసినా మచ్చ పోదు. అలాంటి నాణేనికి గ్రేడింగ్ కంపెనీ అంకె వేయదు. "డీటెయిల్స్" అని రాసి, కొక్కెం తీసినదని లేదా రంధ్రం ఉందని చీటీ మీదే చెబుతుంది. పోగుచేసేవాళ్ళు దానికిచ్చే ధర బాగా పడిపోతుంది. కాబట్టి మాల తెంపి, కొక్కేలు పీకి, అమెరికా పంపితే మిగిలేది తెగిన మాల.

పంపడం కూడా కుదరదు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని దేశం దాటించడం నేరం. ఇప్పుడు మాలల్లో ఉన్న విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలు, అయిదో జార్జివి చాలావరకు ఆ గీత దాటిపోయాయి. "పార్శిల్ చేయండి" అని ధైర్యంగా రాసినవారు ఆ పార్శిల్ కట్టిన కుర్రాడికి రేపు కస్టమ్స్ దగ్గర ఏమవుతుందో రాయలేదు.

ఇక మాల అమ్మాలనుకున్న మనిషికి అవసరమైన ఒక్క ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు, అందుకే నేను చెబుతాను. 1939 దాకా కొట్టిన రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు. అందులో నూటికి తొంభై ఒకటిన్నర పాళ్ళకు పైగా వెండి. 1940 నుంచి సగమే వెండి. ఆ రూపాయి అంచున గీతల మధ్య ఒక గాడి తిరిగి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. 1947ది నికెలు, వెండి లేదు. ఎంత అరిగినా, ఎన్ని చోట్ల టంకం పడినా పాత రూపాయికి ఆ వెండి ధర ఉంది. సంతలో అంతకన్నా తక్కువకు అడిగేవాడు, వాడి చేతిలో లెన్సు ఉన్నా లేకపోయినా, మోసం చేస్తున్నట్టే. అచ్చు తేడా కోసం అంతకన్నా ఎక్కువ ఇస్తానంటే, ఎందుకిస్తున్నాడో ఆమెకు అర్థమయ్యే హల్బీలోనో ధుర్వాలోనో చెప్పి ఇవ్వాలి.

ఆ రోజు కుర్రాళ్ళు వెళ్ళిపోయాక ముసలామె నన్ను అడిగింది, వాళ్ళు నా రూపాయిలో ఏం వెతుకుతున్నారు అని. లెన్సు ఆమె చేతికిచ్చి తేదీ కింద చుక్కలు ఉండాల్సిన చోటు చూపించాను. చాలాసేపు చూసింది. ఇక్కడేమీ లేదే అంది. అరిగిపోయాయి అవ్వా అన్నాను. మా అత్త మెడలో ఉన్నప్పుడే అరిగి ఉంటాయి, నాకు ఇచ్చేటప్పటికే ఇది నున్నగా ఉంది అని చెప్పి లెన్సు వెనక్కిచ్చింది.

ఆ వ్యాసకర్తను, అచ్చువేసిన సంపాదకులను నేను కోరేది ఇది. రెండు రూపాయల నాణెం ఫొటో కింద రాసిన మాట తప్పని వచ్చే సంచికలో వేయండి. పార్శిల్ చేయమన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుని, 1972 చట్టం సంగతి అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో రాయండి. తులం లెక్క వేయండి. మా సంత పేరు ఆ వ్యాసం నుంచి తీసేయండి. ఆ కాగితం పట్టుకుని ఇంకెవరూ మా ఆడవాళ్ళ మెడల మీదికి వంగకూడదు.